ఫర్నేస్ తిరుగుతోంది, ఇల్లు మాత్రం వెచ్చబడటం లేదా?

అమెరికాలో జనవరి రాత్రి ఫర్నేస్ ఆగిపోతే, ఇంట్లో పసిపిల్లలో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలో ఉంటే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. మీది గ్యాస్ ఫర్నేస్ అయితే, టెక్నీషియన్‌కి ఫోన్ చేసేముందు పది నిమిషాలు దాని దగ్గర నిలబడి వినండి. పని ఏ దశలో ఆగుతోందో తెలిస్తే కారణం దాదాపు దొరికినట్టే.

కుళ్లిన గుడ్ల వాసన వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా కింద చెప్పినవేవీ చేయకండి. స్విచ్‌లు ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్లి, అక్కడి నుంచి 911కి ఫోన్ చేయండి.

అసలు చప్పుడే లేదు
థర్మోస్టాట్ బ్యాటరీలు, బ్రేకర్ చూడండి. ఫర్నేస్ పక్కన అచ్చం లైట్ స్విచ్‌లాంటిది ఒకటి ఉంటుంది. లైటే అనుకుని ఎవరో ఆపేసి ఉండవచ్చు. ఫర్నేస్ తలుపు సరిగ్గా పడకపోయినా సేఫ్టీ స్విచ్ కరెంటును ఆపేస్తుంది.

చిన్న ఫ్యాన్ తిరుగుతుంది, మంట రాదు
పొగ బయటికి పోయే దారి మూసుకుంటే ప్రెషర్ స్విచ్ గ్యాస్‌ను వదలనివ్వదు. గోడ బయట తెల్ల పీవీసీ పైపులుంటే వాటి చుట్టూ పేరుకున్న మంచు తీసేయండి. నీళ్లు పోయే సన్న గొట్టం మూసుకుపోయిందేమో కూడా చూడండి.

మంట వచ్చి, కొన్ని సెకన్లకే ఆరిపోతుంది
మా ఇంట్లో జరిగింది ఇదే. మంటలో ఉండే ఫ్లేమ్ సెన్సర్ అనే సన్నటి కడ్డీ గుండా అతి కొద్ది కరెంటు పారుతుంది. మంట ఉందని ఫర్నేస్‌ను నడిపే కంట్రోల్ బోర్డుకు తెలిసేది దానివల్లే. కడ్డీకి పొర పట్టిందంటే, ఎదురుగా మంట ఉన్నా బోర్డుకు తెలియదు, గ్యాస్ ఆపేస్తుంది. ఇలా కొన్ని ప్రయత్నాల తర్వాత ఫర్నేస్ లాక్ అయి ఆగిపోతుంది. కరెంటు, గ్యాస్ రెండూ ఆపి, ఒక్క స్క్రూ విప్పి కడ్డీని బయటికి లాగండి. సన్నని స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్ది మళ్లీ బిగించండి. గరుకు కాగితం వద్దు, గీతలు పడతాయి. పక్కనున్న, మంట వెలిగించే ఇగ్నైటర్‌కు చెయ్యి తగలనివ్వకండి, అది ఇట్టే విరిగిపోతుంది.

కాసేపు వేడిగాలి, తర్వాత చల్లగాలి
ఫిల్టర్ దుమ్ముతో నిండితే లోపల వేడి మితిమీరి లిమిట్ స్విచ్ మంటను ఆపుతుంది. ఫిల్టర్ మార్చండి. దాని మీది బాణం ఫర్నేస్ వైపు ఉండాలి.

ఏదైనా విప్పేముందు బోర్డు మీద లైటు ఎన్నిసార్లు మెరుస్తోందో రాసుకోండి. దాని అర్థం తలుపు లోపలి పట్టికలో ఉంటుంది. మంట నీలంగా కాక పసుపుగా ఉంటే ఫర్నేస్ ఆపేసి టెక్నీషియన్‌ను పిలవండి. ఆయన వచ్చేదాకా పైపులు గడ్డకట్టకుండా కుళాయిలు సన్నగా కారనివ్వండి. వెచ్చదనం కోసం మాత్రం గ్యాస్ పొయ్యి వెలిగించి ఉంచకండి.