మంగలికత్తి తోలుపట్టీకి పేస్ట్: ఏది ఎంచుకోవాలి, ఎలా పట్టించాలి

మన సెలూన్లలో ఇప్పుడు సగం బ్లేడు తొడిగే కత్తులే ఎక్కువగా కనిపిస్తాయి కనుక, ఈ వివరాలు ముఖ్యంగా ఇంట్లో అసలైన మంగలికత్తితో గడ్డం గీసుకునేవారి కోసం. కత్తిని సానరాయి మీద నూరడం ఒక పని, గీసుకునే ముందు ఉత్త తోలుపట్టీ మీద లాగడం మరొక పని. ఉత్త తోలు ఉక్కును దాదాపు అరగదీయదు. వాదరను, అంటే కత్తి పదునైన అంచును, సరిచేసి నునుపు చేస్తుంది. సన్నని గరుకు రేణువులు కలిపిన పేస్ట్ రాసిన పట్టీ మాత్రం కొద్దికొద్దిగానైనా లోహాన్ని కోస్తుంది. అందువల్ల దాన్ని రోజువారీ అలవాటుగా కాక, అవసరం పడినప్పుడు చేసే సన్నని సానగా భావించాలి. తోలు మీద మామూలుగా లాగిన తరువాత కూడా కత్తి వెంట్రుకను పట్టి లాగుతున్నట్టు అనిపిస్తే, అప్పుడే పేస్ట్ అవసరం వచ్చిందని అర్థం. వాదరలో గండి పడినా, అంచు పూర్తిగా మొద్దుబారినా ఏ పేస్టూ బాగుచేయలేదు. సానరాయి దగ్గరకే వెళ్లాలి.

పేస్టును ఎంచుకునేటప్పుడు రంగు కన్నా రేణువు పరిమాణమే ముఖ్యం. దీన్ని మైక్రాన్లలో చెబుతారు. ఒక మిల్లీమీటరులో 1000 మైక్రాన్లు ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను నిస్సంకోచంగా సూచించేది ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడ్. క్షౌరపు కత్తుల కోసం అమ్మేది సాధారణంగా 0.5 మైక్రాన్ ఉంటుంది. వేగంగానే కోసినా చేతికి అదుపులో ఉంటుంది, కొద్దిపాటి పొరపాటును మన్నిస్తుంది. అయితే హార్డ్‌వేర్ దుకాణాలలో లోహాలకు మెరుగు పెట్టడానికి అమ్మే ఆకుపచ్చని కడ్డీలన్నీ ఇదే కాదు. వాటిలో చాలావాటికి అల్యూమినియం ఆక్సైడ్ కలుపుతారు, రేణువులు కూడా ఒకే పరిమాణంలో ఉండవు. వంటింటి కత్తికి అది చాలు, చర్మాన్ని తాకే వాదరకు చాలదు. పొట్లం మీద మైక్రాన్ల లెక్క లేని సరుకును నేను కొనను.

ఎర్రని ఐరన్ ఆక్సైడ్ క్రోమియం ఆక్సైడ్ కన్నా మెత్తన. కోయడం కన్నా నునుపు చేయడానికే ఎక్కువ పనికివస్తుంది. వజ్రపు పేస్టులు, స్ప్రేలు 0.5, 0.25, 0.1 మైక్రాన్లలో దొరుకుతాయి. వజ్రం ఉక్కును సులువుగా కోస్తుంది కనుక నాలుగైదు లాగులకే తేడా తెలుస్తుంది, కానీ ఎక్కువైతే వాదర గరుకుగా తగిలి చర్మం మండుతుంది. జర్మనీలోని సోలింగెన్‌కు చెందిన డోవో సంస్థ ట్యూబులలో ఎరుపు, నలుపు పేస్టులు అరగదీసేవే అయినా, పసుపు ట్యూబు మాత్రం తోలును మెత్తగా ఉంచే కొవ్వు పదార్థం. అది పదును పెడుతుందనుకుని కొనేవారు ఉన్నారు కనుక దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

పేస్టును దేని మీద పట్టిస్తామన్నది పేస్టుతో సమానంగా ముఖ్యమైన విషయం. మెత్తని తోలు కత్తి బరువుకు కుంగి, వాదరను దాటగానే పైకి లేస్తుంది. అక్కడ రేణువులు కూడా ఉంటే అంచు క్రమంగా గుండ్రబడుతుంది. అందుకే తోలులా కుంగకుండా చదునుగా ఉండే బాల్సా అనే తేలికైన చెక్క నాకు నచ్చినది. చెక్క మీద అతికించిన తోలు కానీ, వేలాడే పట్టీకి ఉండే నార గుడ్డ కానీ వాడుకోవచ్చు. గుడ్డ వాడితే దాన్ని బిగువుగా పట్టుకోవాలి. రోజూ చివరిగా లాగే ఉత్త తోలుకు మాత్రం పేస్టును ఎన్నడూ తాకించకూడదు. తొలి రోజులలో నేను ఒకే పట్టీ సరిపోతుందనుకుని మంచి తోలుకు ఆకుపచ్చ పేస్ట్ రాశాను. తోలులోకి దిగిన రేణువులను ఎంత తుడిచినా పూర్తిగా తీయలేకపోయాను, చివరకు కొత్త పట్టీ కొనవలసి వచ్చింది.

బాల్సా చెక్కను ముందుగా చదును చేయాలి. మందపాటి గాజుపలక మీద 320 నంబరు గరుకు కాగితం పరిచి, చెక్క ముఖం మీద పెన్సిలు గీతలు గీసి, అవన్నీ ఒకేలా చెరిగేదాకా రుద్దితే చదునైనట్టే. దుమ్ము పూర్తిగా దులిపాకే పేస్ట్ పెట్టాలి. ట్యూబులోని పేస్ట్ అయితే ఆవగింజంత చుక్కలను రెండు అంగుళాలకు ఒకటి చొప్పున పెట్టి, శుభ్రమైన వేలితో చెక్క రంధ్రాలలోకి ఇంకేలా రుద్ది, పైన మిగిలినదాన్ని కాగితంతో తుడిచేయాలి. కడ్డీ అయితే పిల్లలు రంగు క్రేయానుతో గీసినట్టు తేలికగా గీసి, వేలితో సర్దితే చాలు. చెక్క రంగు లోపలి నుంచి కనబడుతూ ఉండాలి. పేస్ట్ పొరలా నిలిచిందంటే ఎక్కువైనట్టే, ఎందుకంటే ఆ పొరలోకి వాదర దిగబడుతుంది. పొడి రూపంలో దొరికే రకాన్ని గాలిలోకి లేవనీయకుండా, ఒక చుక్క మినరల్ ఆయిల్‌తో తడిపి పట్టించడం మంచిది.

లాగేటప్పుడు కత్తి వెన్ను (వాదరకు ఎదురుగా ఉండే మందపాటి వైపు), వాదర రెండూ పట్టీని ఒకేసారి తాకాలి, వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి. చివరికి చేరాక కత్తిని వెన్ను మీదనే తిప్పాలి. వాదర మీద తిప్పితే పట్టీ తెగుతుంది, పదునూ పోతుంది. కత్తి బరువు తప్ప చేతి ఒత్తిడి పనికిరాదు. క్రోమియం ఆక్సైడ్ మీద పోయి వచ్చేది ఒకటిగా లెక్కవేసి 5 నుంచి 10 సార్లు, వజ్రం మీద అయితే 3 నుంచి 5 సార్లు లాగి ఆపాలి. పట్టీ మీద నల్లని చారలు పడితే భయపడనక్కరలేదు. అవి కోసుకుపోయిన ఉక్కు రేణువులే. తరువాత కత్తిని సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఉత్త తోలు మీద 40, 50 సార్లు లాగాలి. ఈ కడగడం మానేస్తే పేస్ట్ కత్తితోపాటు మంచి తోలుకు చేరుతుంది. రెండు రకాల పేస్టులు వాడేవారు పెద్ద రేణువు నుంచి చిన్న రేణువుకు వెళ్లాలి, రెండింటి మధ్యా కత్తిని కడగాలి, ఒక్కో పేస్టుకు ఒక్కో చెక్కను కేటాయించి దాని వెనుక రకం, మైక్రాన్లు రాసి విడివిడి సంచులలో దాచాలి.

చెక్క నల్లబడగానే మళ్లీ పేస్ట్ రాయవద్దు. పొడి గుడ్డతో తుడిచి చూడండి. అప్పటికీ కోయకపోతే గరుకు కాగితంతో పై పొర తీసి కొత్తగా పట్టించండి. చెక్క కొత్తగా ఉండి కూడా కత్తి పదును తిరిగి రాకపోతే, ఇన్నాళ్ల లాగులకు అంచు గుండ్రబడిందని గ్రహించి సానరాయిని తీయాలి.