చిన్న షాపుకు ఆన్‌లైన్ ప్రచారం: మీకు పనికొచ్చే పద్ధతి ఎలా ఎంచుకోవాలి?

నేను మగ్గం వర్క్ బ్లౌజుల షాపు నడుపుతున్నాను. మగ్గాల దగ్గర ముగ్గురు, కుట్టు మెషిన్ల దగ్గర ఇద్దరు పనిచేస్తారు. షాపు పెట్టిన కొత్తలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వెబ్‌సైట్ అన్నీ ఒకేసారి మొదలుపెట్టాను. ఆరు నెలలైనా ఒక్కటీ సరిగ్గా నడవలేదు. తర్వాత ఏది ఆర్డర్ తెస్తోందో చూసుకుంటూ మిగతావి వదిలేశాను. అలా చేసుకుంటూ వచ్చిన క్రమమే ఇది. మీది టిఫిన్ సెంటర్ కావచ్చు, ఏసీ రిపేరు కావచ్చు, పచ్చళ్ల వ్యాపారం కావచ్చు. అడగాల్సిన ప్రశ్నలు ఇవే, జవాబులు మాత్రం మీవి.

1. ముందు ఒక నోట్‌బుక్ తీయండి

ఈమధ్య వచ్చిన 20 ఆర్డర్లు వరసగా రాయండి. ప్రతి పేరు పక్కన, వాళ్లకు మీ షాపు గురించి ఎలా తెలిసిందో రాయండి. తెలియకపోతే ఫోన్ చేసి అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. నేను అడిగినప్పుడు పదకొండు మంది “మా పిన్ని చెప్పింది”, “పెళ్లిలో వాళ్ల జాకెట్టు చూసి అడిగాం” అన్నారు. ఐదుగురు గూగుల్‌లో వెతికి వచ్చారు, ముగ్గురు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి వచ్చారు, ఒకరు బోర్డు చూసి లోపలికి వచ్చారు. నేను అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పెట్టిన వెబ్‌సైట్ నుంచి ఒక్కరూ రాలేదు.

ఈ జాబితా చూస్తే మీ కస్టమర్ ఏ రకమో తెలుస్తుంది. ఎండాకాలంలో ఏసీ ఆగిపోయిన మనిషి రీల్స్ చూస్తూ కూర్చోడు, దగ్గర్లో మెకానిక్ ఎవరున్నారని గూగుల్‌లో వెతుకుతాడు. అలాంటి వ్యాపారానికి గూగుల్ మ్యాప్స్ ముందు. చీరలు, నగలు, కేకులు, మగ్గం వర్క్ లాంటివి చూసి ముచ్చటపడి కొనేవి, వాటికి ఇన్‌స్టాగ్రామ్. పచ్చళ్లు, పొడులు, స్వీట్లు ఒకసారి రుచి నచ్చితే మళ్లీ మళ్లీ అడిగేవి, వాటికి వాట్సాప్. మొదటి మూడు నెలలు వీటిలో ఒకదాన్నే గట్టిగా పట్టుకోండి.

2. మ్యాప్‌లో షాపు పెట్టండి

మీరు గట్టిగా పట్టుకున్నది ఏదైనా, బయటి నుంచి కస్టమర్ వచ్చే షాపుకు ఈ పని తప్పనిసరి. గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు కనిపించేలా చేసే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పూర్తిగా ఉచితం. “మీ షాపు లిస్టింగ్ ఆగిపోతుంది, డబ్బు కట్టండి” అని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మకండి, ఫోన్ పెట్టేయండి. షాపు నిజంగా మీదేనని నిర్ధారించడానికి ఇప్పుడు చాలామందిని వీడియో తీసి పంపమంటున్నారు. వీధి, బోర్డు, లోపల పని జరిగే చోటు కనిపించేలా తీస్తే సరిపోతుంది. షాపు తీసే వేళలు, సెలవు రోజు సరిగ్గా పెట్టండి. దూరం నుంచి వచ్చి తాళం చూసి వెళ్లిన మనిషి మళ్లీ రాదు.

బ్లౌజు వేసుకుని చూసుకుని సంతోషపడిన రోజే కస్టమర్‌ను రివ్యూ అడగండి. వారం ఆగితే ఎవరికీ గుర్తుండదు. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామని మాత్రం అనకండి, గూగుల్ నిబంధనలు దానికి ఒప్పుకోవు.

3. పాత కస్టమర్లకు వాట్సాప్ బిజినెస్

ఇదీ ఉచితమే. కేటలాగ్‌లో పది పదిహేను మోడళ్లు ధరతో సహా పెట్టండి. ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మంది వరకు చేర్చుకోవచ్చు, కానీ మీ నంబర్ తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే “మా నంబర్ సేవ్ చేసుకోండి అక్కా” అని అడుగుతాను. నెలకు రెండు మెసేజ్‌లు దాటనివ్వను. రోజూ గుడ్ మార్నింగ్ పంపే షాపును జనం బ్లాక్ చేస్తారు.

4. ఇన్‌స్టాగ్రామ్: కంటికి కనిపించే పని చేసేవాళ్లకు

ఇక్కడ మా రంగంలో ఒక చెడ్డ అలవాటు ఉంది. ఎవరో చేసిన బ్లౌజు ఫొటో పింటరెస్ట్‌లో దించుకుని మనదే అన్నట్టు పెట్టేస్తారు. కస్టమర్ ఆ ఫొటో చూపించి అలాగే కావాలంటే ఇవ్వలేక మాట పడతారు. మీ చేతి పని మాత్రమే పెట్టండి, తక్కువైనా పర్వాలేదు.

ఉదయం పూట కిటికీ దగ్గర వెలుతురులో తీస్తే జర్దోసి, కుందన్ మెరుపు ఉన్నది ఉన్నట్టు పడుతుంది. ట్యూబ్‌లైట్ కింద రంగు మారిపోతుంది, తర్వాత “ఫొటోలో ఇలా లేదే” అన్న గొడవ వస్తుంది. నాకు బాగా పనిచేసింది సూది వీడియో. ఆరీ సూది బట్టలోకి దిగి దారం పైకి లాగడం, నెమలి మెడ నిండుతూ రావడం దగ్గర నుంచి తీస్తే చాలు. పాట కన్నా ఆ చేయి ముఖ్యం. కంప్యూటర్ వర్క్‌కీ చేతి పనికీ తేడా ఏమిటో అప్పుడు ఎవరికైనా తెలుస్తుంది, ధర ఎందుకంత అని అడిగేవాళ్లూ తగ్గుతారు.

ధర దాచకండి. “ప్రైస్ కోసం మెసేజ్ చేయండి” అంటే చాలామంది మొహమాటపడి వెళ్లిపోతారు. ధర, ఊరు పేరు, ఎన్ని రోజుల్లో ఇస్తారో మూడూ కింద రాయండి. పెళ్లికూతురి బ్లౌజు అయితే పెళ్లి అయ్యాకే, అదీ వాళ్లను అడిగాకే పెట్టండి. ముహూర్తం రోజున అందరూ మొదటిసారి చూడాలని ఆ అమ్మాయి ఆశపడుతుంది.

అమెరికాలో ఉండే మన వాళ్లు డిసెంబరు సెలవులకు వచ్చే ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో మోడళ్లు చూసి పెట్టుకుంటారు. కొలతల జాకెట్టు అమ్మ చేత పంపిస్తారు. వాళ్ల కోసం అక్టోబరులోనే కొత్త పని పెట్టాలి.

5. డబ్బు పెట్టి ప్రకటన ఇచ్చే ముందు లెక్క

ఒక ఆర్డర్ మీద కూలి, సామాను పోను మీకు మిగిలేదెంత? 1,200 రూపాయలు అనుకుందాం. 3,000 రూపాయలకు ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన ఇచ్చారు, 18 శాతం జీఎస్టీతో 3,540 అయింది. 60 మంది మెసేజ్ చేశారు, తొమ్మిది మంది షాపుకు వచ్చారు, నలుగురు ఆర్డర్ ఇచ్చారు. అంటే ఒక్కో ఆర్డర్‌కు ప్రకటన ఖర్చే 885. మిగిలేది 315. మెసేజ్‌లు 60 వచ్చాయని సంబరపడితే ఈ సంగతి కనపడదు. ఆ నలుగురిలో ఒకరు పెళ్లివారై ఆరు జాకెట్లు ఇస్తే లెక్క మారిపోతుంది, అందుకే పెళ్లి బ్లౌజుల మీదే ప్రకటన ఇవ్వడం నాకు కలిసొచ్చింది.

మీ ఊరు, చుట్టుపక్కల ఊళ్లు మాత్రమే ఎంచుకోండి. మెసేజ్ నేరుగా వాట్సాప్‌కు వచ్చే ప్రకటన పెట్టండి. మొదటిసారి వారం రోజులు, పోయినా బాధపడనంత సొమ్ముతో.

ఫాలోవర్లను కొనకండి. ఒక ఏజెన్సీకి నేను 15,000 ఇచ్చాను. పదివేల మంది ఫాలోవర్లు వచ్చారు, వాళ్లలో మా జిల్లా మనిషి ఒక్కరూ కనిపించలేదు. గూగుల్‌లో మొదటి పేజీ గ్యారంటీ అనేవాళ్లకూ డబ్బు ఇవ్వకండి. అలాంటి గ్యారంటీ ఇవ్వడం ఎవరి చేతుల్లోనూ లేదు.

6. పంచాంగం చూసి సమయం పెట్టుకోండి

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా అని ప్రకటనలు ఆపేయడం పెద్ద పొరపాటు. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు బట్టలు కొనేది, జాకెట్లు వర్క్‌కు ఇచ్చేది ఆషాఢంలోనే. మూఢం వస్తే అది ముగియడానికి నెల ముందు మొదలుపెట్టండి. ముహూర్తాలు దగ్గర పడ్డాక ప్రకటన ఇస్తే వచ్చిన ఆర్డర్‌ను సమయానికి ఇవ్వలేక టెన్షన్ పడతారు, పేరూ పోతుంది. మీది పచ్చళ్ల వ్యాపారమైతే మామిడికాయ సీజన్ చూసుకోండి, ఏసీ రిపేరైతే ఫిబ్రవరి.

మూడు నెలలు గడిచాక అదే నోట్‌బుక్‌లో మళ్లీ 20 ఆర్డర్లు రాసి పాత పేజీ పక్కన పెట్టి చూడండి. ఒక్క ఆర్డర్ కూడా తేని పద్ధతి ఉంటే ఆ రోజే ఆపేసి, ఆ గంటలు మగ్గం దగ్గర గడపండి.