షీటు మీది ధరే చివరి మాట కాదు: మందుల బిల్లును సరిచూసుకునే విధానం

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి పరిసరాల్లోని మందుల దుకాణాల వద్ద కాసేపు నిలబడితే, ములుగు నుంచో మహబూబాబాద్ నుంచో వచ్చినవారు డాక్టరు రాసిన చీటీని బల్ల మీద పెట్టి, "మొత్తం ఎంతయితది?" అని అడిగి, చెప్పినంత ఇచ్చి వెళ్లిపోవడం కనిపిస్తుంది. చదువుకున్నవారు మహా అయితే షీటు మీది ఎమ్మార్పీ చూసి సరిపెట్టుకుంటారు. చట్టం మనకు అంతకంటే ఎక్కువ హక్కు ఇచ్చింది, దాన్ని వాడుకోవడానికి పెద్ద చదువు కూడా అక్కరలేదు.

మందుల ధరలను నియంత్రించేది 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద కేంద్రం జారీ చేసిన 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు. ధరలను నిర్ణయించేది జాతీయ ఔషధ ధరల సంస్థ, అంటే ఎన్‌పీపీఏ. మన దగ్గర దుకాణాలను తనిఖీ చేసేది తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థ. ఈ ఉత్తర్వు ప్రకారం ప్రతి దుకాణదారుడు కంపెనీలు పంపిన ధరల జాబితాను, అడిగినవారు సులువుగా చూసుకోగలిగేలా, దుకాణంలో కనిపించే చోట ఉంచాలి. అంతకంటే ముఖ్యమైనది 26వ పేరా. అమలులో ఉన్న జాబితాలోని ధర, ప్యాకెట్ మీది ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికి మించి అమ్మకూడదని అది చెబుతుంది. షీటు మీది ధర చివరి మాట కాదని నేను అనడానికి ఆధారం ఇదే.

దీని ప్రయోజనం ఒక లెక్కతో తేలికగా తెలుస్తుంది. ఒక గోలీకి ఎన్‌పీపీఏ నిర్ణయించిన గరిష్ఠ ధర 6 రూపాయలు అనుకుందాం. ఆ ధరలో జీఎస్టీ కలిసి ఉండదు. పది గోలీల షీటుకు 60 రూపాయలు, దాని మీద పాత 12 శాతం పన్ను కలిపితే 67 రూపాయల 20 పైసలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది కనుక, అదే షీటు 63 రూపాయలకు మించకూడదు. అప్పటికే బజారులో ఉన్న సరుకును వెనక్కి తెప్పించి కొత్త ధర ముద్రించడం తప్పనిసరి కాదని, దుకాణంలో కొత్త ధరకే అమ్మేలా కంపెనీలు చూసుకోవాలని ఎన్‌పీపీఏ అప్పట్లో స్పష్టం చేసింది. అందువల్ల షీటు మీద పాత ధర కనిపించినా, ఇవ్వవలసింది కొత్త జాబితాలోని ధరే. "దీని మీద ఇంతే ఉంది కదా" అనే సమాధానం ఇక్కడ చెల్లదు.

గరిష్ఠ ధర తెలుసుకోవడానికి ఫోనులో ఫార్మా సహీ దామ్ అనే యాప్ వేసుకోండి. బ్రాండు పేరుతోనైనా, మందు అసలు పేరుతోనైనా వెతకవచ్చు. అయితే గోలీలో ఎన్ని మిల్లీగ్రాముల మందు ఉందో, అది మామూలు గోలీయో నెమ్మదిగా కరిగే రకమో సరిపోల్చుకున్న తరువాతే ధర చూడాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. గరిష్ఠ ధర అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న వాటికి వర్తిస్తుంది. 2022లో సవరించిన ఆ జాతీయ జాబితాలో 384 మందులు ఉన్నాయి. జాబితాలో లేని మందుల ధరను కంపెనీ పన్నెండు నెలల్లో 10 శాతానికి మించి పెంచకూడదు. బీపీ, షుగర్, థైరాయిడ్ వంటి వాటికి ఏళ్ల తరబడి మందులు వాడేవారు నిరుటి బిల్లు దాచుకుంటే, ఈ పెంపును ఇంట్లోనే లెక్కకట్టుకోవచ్చు.

విడిగా గోలీలు కొనేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. మా అమ్మకు బీపీ గోలీలు హన్మకొండలోని ఒక దుకాణంలో కొంటున్నప్పుడు, 96 రూపాయల ధర ఉన్న పదిహేను గోలీల షీటులోంచి పది కత్తిరించి 70 రూపాయలు తీసుకున్నారు. షీటు ధరను గోలీల సంఖ్యతో భాగించి ఆ నిష్పత్తిలోనే తీసుకోవాలని ఉత్తర్వులో ఉంది, కాబట్టి రావలసింది 64 రూపాయలే. ఆ మాట మర్యాదగా చెప్పగానే అక్కడి అబ్బాయి క్యాలిక్యులేటర్ నొక్కి చూసి ఆరు రూపాయలు తిరిగి ఇచ్చాడు. మరో సంగతి కూడా ఆ రోజే గమనించాను. ధర, బ్యాచ్ నంబరు, గడువు తేదీ షీటుకు ఒక అంచున ముద్రించి ఉంటాయి; కత్తిరించిన ముక్కలో అవి మనకు రావు. అందుకే కత్తెర పెట్టకముందే ఆ అంచును ఫోనులో ఫొటో తీసుకుంటున్నాను. కొన్ని మందుల మీద ఉండే క్యూఆర్ కోడ్‌లో బ్యాచ్, గడువు, తయారీదారు వివరాలు తెలుస్తాయి కానీ, ధర కోసం దాని మీద ఆధారపడకండి.

బిల్లు మాత్రం ఎంత చిన్న మొత్తానికైనా తప్పక అడగండి. తెల్లకాగితం మీద కూడిక వేసి ఇచ్చినది బిల్లు కాదు. దుకాణం పేరు, లైసెన్సు నంబరు, తేదీ, ఒక్కో మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎన్ని ఇచ్చారు, ధర ఎంత అనేవి విడివిడిగా ఉండాలి. డిస్కౌంట్ ఇస్తే బిల్లు రాదని కొందరు అంటారు. ఆ కొద్ది తగ్గింపు కోసం రుజువును వదులుకోవడం నా దృష్టిలో పెద్ద నష్టం, ఎందుకంటే మందు పనిచేయకపోయినా, వికటించినా చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

తేడా కనిపిస్తే ముందు దుకాణదారునితోనే నెమ్మదిగా మాట్లాడండి. గరిష్ఠ ధరను మించిన ఎమ్మార్పీని కంపెనీయే ముద్రించిన మందులను తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థ పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి, కనుక తప్పు ప్రతిసారీ బల్ల అవతలి మనిషిది కాకపోవచ్చు. పని కాకపోతే బిల్లు, షీటు అంచు ఫొటో, యాప్‌లో కనిపించిన ధర ఈ మూడింటినీ దగ్గర పెట్టుకుని ఔషధ నియంత్రణ సంస్థ టోల్ ఫ్రీ నంబరు 1800-599-6969కు పని దినాల్లో ఫోన్ చేయండి. ఎన్‌పీపీఏ నంబరు 1800-111-255. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవలసి వస్తే, చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉన్న కేసులకు ఫీజు లేదు. ఫిర్యాదు తేలేవరకు మిగిలిన గోలీలను, ఖాళీ షీటును పారవేయకండి.