గైరాన్‌లో గడ్డి మళ్లీ నిలబడాలంటే

గైరాన్‌లో (ఊరుమ్మడి మేత భూమిలో) మొరం తేలి కనిపించగానే ఎవరో ఒకరు "మొక్కలు నాటుదాం" అంటారు. ముందు ఆ పని ఆపించండి. మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా, తెలంగాణ హద్దు పక్కనే. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, గొర్రెల దగ్గర రెండూ. కురుమలం కాబట్టి ఈ నేలతో మాకు తరాల పొత్తు. పలుచటి మట్టి, కింద రాయి, నాలుగు నెలల వాన, మిగతా ఏడాదంతా ఎండే. ఇలాంటి చోట గడ్డే అసలు పంట. సర్కారు లెక్కల్లో మాత్రం ఇది బంజరు కింద పోతుంది. అందుకే గుంతలు తవ్వి సుబాబుల్, గ్లిరిసిడియా పెడతామంటే డబ్బు సులువుగా దొరుకుతుంది, గడ్డి పెంచుతామంటే దొరకదు.

ట్రాక్టరు కూడా పెట్టకండి. ఫ్రాన్స్ దక్షిణాన క్రో అనే రాళ్ల మైదానం ఉంది, వేల ఏళ్లుగా గొర్రెలు మేసిన నేల. 1960ల నుంచి అందులో కొంత దున్ని ఖర్బూజ వేశారు. సాగు వదిలేసి దశాబ్దాలు గడిచినా పాత గడ్డిజాతులు పూర్తిగా తిరిగి రాలేదని అక్కడి పరిశోధకులు గమనించారు. అక్కడ వాన ఎక్కువగా చలికాలానికి ముందూ వెనకా పడుతుంది, ఎండాకాలం పొడిగా పోతుంది. కాబట్టి వాళ్లు విత్తే నెలలు మనకు పనికిరావు. దున్నితే జరిగే నష్టం మాత్రం ఎక్కడైనా ఒకటే.

కాగితాల పని త్వరగా ముగించండి. తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) దగ్గర సాత్‌బారా (భూమి రికార్డు పత్రం) తీసి, అందులో గైరాన్ అని ఉందో లేదో చూసుకోండి. హద్దుల మీద తగాదా ఉంటే కొలతలు వేయించండి. ఊరుమ్మడి భూములను కాపాడాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. గ్రామసభలో ఆ తీర్పు గురించి చెబితే మాటకు బరువు వస్తుంది.

తర్వాత, నేలలో ఏం మిగిలి ఉందో వెతకాలి. పోళా పండగ (శ్రావణ అమావాస్యకు వచ్చే ఎడ్ల పండగ) రోజుల్లో, గడ్డి పూతకొచ్చే వేళ వెళ్లండి. మైదానం మధ్యలో నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. రేగు పొదల్లోకి వంగి చూడండి. ముళ్ల వల్ల గొర్రె మూతి లోపలికి పోదు, అందుకే మంచి గడ్డి అక్కడ తలదాచుకుంటుంది. శ్మశానం, గుడి మాన్యం, రైలు పట్టాల పక్క కూడా చూడాలి. మార్వెల్ గడ్డిని కణుపు చూసి పోల్చుకోవచ్చు: కణుపు చుట్టూ తెల్లటి నూగు వలయంలా ఉంటుంది. రోష గడ్డి ఆకు నలిపితే వాసనే చెబుతుంది. కుసలి గడ్డికి గింజ చివర పొడవాటి గోధుమరంగు తోక, మెలికలు తిరిగి ఉంటుంది. వీటికి బదులు మూడు ముళ్ల సన్న గింజల గడ్డి, తగిరిస, వయ్యారిభామ మాత్రమే కనిపిస్తే ఆ నేల అతి మేపుడుకు గురైందని అర్థం.

నా లెక్కలో, రెండు మూడు అడుగులు వేసేసరికి ఏడాది పొడవునా బతికే గడ్డి దుబ్బు ఒకటి తగులుతుంటే విత్తనం అవసరం లేదు. విశ్రాంతి ఇస్తే చాలు.

ఆ విశ్రాంతి ఇప్పించడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టం. గైరాన్ మొత్తాన్ని మూసేస్తామంటే ఊళ్లో గొడవ తప్పదు, తప్పు కూడా. మూడు భాగాలు చేసి, ఈ ఏడు ఒక్క భాగాన్నే మూయండి. మిరుగం (మృగశిర కార్తె, జూన్ మొదట్లో) నుంచి దీపావళి దాటి గింజ రాలేదాకా అందులోకి ఒక్క జీవం పోకూడదు. ఆ నాలుగైదు నెలలు గొర్రెలు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు ముందే జవాబు ఉండాలి. జవాబు లేకుండా తీర్మానం రాస్తే, రాత్రి వేళ మంద లోపలికి వస్తుంది. అలా వచ్చినవాణ్ని నేను తప్పుపట్టను, ఆకలి వాడిది. గొర్రెల కాపరులైన హట్కర్లను, కురుమలను, లాల్ కంధారీ ఎడ్లున్న రైతులను, రెండు మేకలే ఉన్న ఒంటరి ఆడవాళ్లను ఒకే చోట కూర్చోబెట్టండి. మూసిన భాగంలో కోసే గడ్డిలో వాటా ఎవరికెంతో ఆరోజే తేల్చండి. కోతలయ్యాక చేలల్లో మంద కట్టించుకుంటామని రైతుల దగ్గర మాట తీసుకోండి. చేనుకు ఎరువు, గొర్రెకు మేత. అహ్మద్‌నగర్ జిల్లా (ఇప్పుడు అహిల్యానగర్) హివరే బజార్‌లో విచ్చలవిడి మేపు మాని, గడ్డి కోసుకుపోయే పద్ధతి పెట్టాక అక్కడి గుట్టల రూపే మారింది. అది కంచె వేసి సాధించింది కాదు, ఊరంతా ఒక మాట మీద నిలబడి సాధించింది.

సర్కారు తుమ్మను వాన పడి నేల మెత్తబడ్డాక తీయాలి. నేల మట్టానికి నరికితే ఒక కొమ్మ స్థానంలో పది లేస్తాయి. చిగురు వేసే మొగ్గలు వేరు తలలో ఉంటాయి కాబట్టి జానెడు లోతుకు పైనే తవ్వి ఆ తలను తీసేయాలి. కాయలు పండకముందే ఈ పని చేయండి. మేకలు కాయలు తిన్నాయంటే పెంటతో గైరాన్ అంతా విత్తనం చల్లేస్తాయి. నల్ల తుమ్మ, మోదుగ, రేగు అక్కడక్కడా ఉంటే ముట్టుకోవద్దు, అవి ఈ నేలవే. నరికిన ముళ్ల కంపను కాల్చకుండా దాచండి, విత్తేటప్పుడు కావాలి.

విత్తనం మీ చుట్టుపక్కల పది ఊళ్లలోనే ఏరండి. అక్టోబర్, నవంబర్ నెలల్లో, కంకిని పిడికిట్లో పట్టి లాగితే చేతిలోకి వచ్చేదే పండిన గింజ. పచ్చిగా ఉంటే రాదు. ఒక దుబ్బు నుంచి సగం తీసుకుని సగం వదలండి. కుసలి గింజల కోసం నేనైతే పాత గొంగడి ఒకటి గడ్డి మీదుగా ఈడుస్తాను, గుత్తులు గుత్తులుగా అంటుకుంటాయి. ఏరడానికి ఓపిక కావాలి, వేళ్లకు గుచ్చుకుంటాయి. గడ్డి గింజల్లో తాలు చాలా ఎక్కువ. గోటితో నొక్కి చూస్తే లోపల గట్టిగా తగిలేదే నిజమైన గింజ. కొత్త గింజ వెంటనే మొలవదు, అందుకే గోనె సంచుల్లో పోసి నీడన, ఎలుకలు అందుకోని చోట వేసవి దాటేదాకా వేలాడదీయండి. సంచి మీద గడ్డి పేరు, ఊరు, నెల రాసి పెట్టండి.

ఒక కుసలి గింజను తడి అరచేతిలో పెట్టి చూడండి. తోక మెలిక విప్పుకుంటూ తిరుగుతుంది, ఆ తిరుగుడికి కింది సూదిమొన చర్మంలోకి దిగాలని చూస్తుంది. వానకు తడిసి, ఎండకు ఆరి, మళ్లీ తడిసి, నేల పగుళ్లలోకి అది తనంతట తానే దిగుతుంది. దానికి గుంత తవ్వనక్కర్లేదు, చల్లితే చాలు. మార్వెల్, అంజన్ (ఇంకో మంచి మేత గడ్డి) గింజలు తేలిక, గాలికి ఎగిరిపోతాయి. వాటికి బంకమట్టి, పశువుల పేడ, కాస్త ఇసుక కలిపి శనగగింజంత ఉండలు చేసి నీడలో ఆరబెట్టండి.

మిరుగం ముంగిట, మొదటి వాన పడేముందు లేదా పడగానే విత్తాలి. కొర్రుతో నేలను పైపైన గీరండి, అంగుళం లోతు కూడా అక్కర్లేదు. మట్టి కప్పొద్దు, లోతుకు పోతే మొలక పైకి రాలేదు. అంజన్ అయితే ఎకరాకు రెండు కిలోల గింజ సరిపోతుంది. గైరాన్ అంతా చల్లడానికి విత్తనం ఎప్పుడూ చాలదు. కాబట్టి వాలుకు అడ్డంగా పట్టీలుగా విత్తండి, మిగతాది గాలీ వానా చూసుకుంటాయి. విత్తిన పట్టీ మీద దాచిన ముళ్ల కంపను కాయలు దులిపి పలుచగా పరవండి. మేకలు రావు, కొట్టుకొచ్చిన మట్టి అక్కడే ఆగుతుంది, మొలకకు కాస్త నీడ దొరుకుతుంది.

మొదటి ఏడు గడ్డి కనిపించకపోతే టెన్షన్ పడొద్దు. దుబ్బు ముందు వేరు పెంచుకుంటుంది. ఆ ఏడు మీ పని వయ్యారిభామను పూతకు ముందే పీకడం. చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, లేదంటే దురద, ఆయాసం పట్టుకుంటాయి.

రెండో ఏడు కోత మొదలుపెట్టవచ్చు. మేత కోసమైతే పూత మీద ఉండగా కోయండి, సారం అప్పుడే ఉంటుంది. కుసలికి తోకలు ముదిరాక కోస్తే గొర్రెల నోళ్లకు, కళ్లకు గుచ్చుకుంటుంది. విత్తనానికి వదిలే పట్టీని ముందే కర్రలు పాతి గుర్తుపెట్టండి. సంక్రాంతికల్లా మూసిన భాగం చుట్టూ రెండు బారల వెడల్పున గడ్డి కోసేసి ఉంచండి. ఎండాకాలంలో బీడీ నిప్పు పడ్డా లోపలికి పాకదు.

విత్తిన భాగంలోకి మూడో ఏడు దీపావళి దాటాకే మందను రానివ్వండి. గడ్డి సగం ఎత్తుకు తగ్గగానే పక్క భాగంలోకి తోలాలి. ఏ రోజు తోలాలన్నది పంచాయతీ కాకుండా కాపరులే నిర్ణయించాలి, గడ్డి ఎత్తు రోజూ చూసేది వాళ్లే. ఏటా పోళా రోజుల్లో ఒకే రాయి దగ్గర నిలబడి ఫోటో తీయండి, నాలుగు కర్రలతో మీటరు చదరం కట్టి అందులో దుబ్బులు ఎన్ని, బోడి నేల ఎంత అని నోట్‌బుక్‌లో రాయండి. దుబ్బులు తగ్గితే మరుసటి ఏడు ఆ భాగాన్ని మళ్లీ మూయండి.