పాత ఆర్చ్‌టాప్‌లో జి తీగ శ్రుతి ఇలా కుదిరింది

టోక్యోలోని ఒచనోమిజు వీధి నిండా గిటార్ షాపులే. జపాన్‌లో తయారైన పాత ఆర్చ్‌టాప్ (పైచెక్క ఉబ్బెత్తుగా ఉండే) జాజ్ గిటార్ అక్కడే కొన్నాను. మెడ తిన్నగా ఉంది, ఫ్రెట్లు (మెడ మీది అడ్డ లోహపు పట్టీలు) పెద్దగా అరగలేదు, పైచెక్కకు పగుళ్లు లేవు. ఇబ్బందల్లా మూడో తీగ, జి. ఊరికే మీటితే శ్రుతిలోనే ఉండేది, 12వ ఫ్రెట్ దగ్గర నొక్కితే స్వరం పైకి పోయేది. కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాలు) వింటుంటే ప్రాణం విసిగిపోయేది.

ఆర్చ్‌టాప్ బ్రిడ్జిని, అంటే పైచెక్క మీద తీగలను మోసే దిమ్మెను, సాధారణంగా జిగురుతో అతికించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. కాబట్టి ముందు దాన్నే జరిపి చూశాను. జి కుదిరితే మిగతావి తప్పాయి. అసలు కారణం బ్రిడ్జి పైభాగంలో తీగలు ఆనే చెక్క శాడిల్‌లో కనిపించింది. బి తీగ దగ్గరకన్నా జి దగ్గర దాని అంచు మెడ వైపుకు వచ్చి ఉంది. అంటే లోహం చుట్టిన జి తీగ కోసం చెక్కిన శాడిల్ అది. గిటార్ మీద ఉన్నదేమో చుట్టు లేని ఉత్త తీగ!

చుట్టిన జి ఉన్న 12–52 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఫ్లాట్‌వూండ్, అంటే చదును చుట్టున్న తీగల సెట్ తెచ్చాను. అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జి జారిపోతుంది, అందుకే ఒక్కొక్కటే మార్చాను. ఆ తర్వాత రెండు ఇ తీగల మీదా 12వ ఫ్రెట్ హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌తో పోల్చాను. నొక్కిన స్వరం ఎక్కువుంటే బ్రిడ్జిని టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు పట్టి ఉంచే భాగం) వైపు కాస్త జరపాలి. జి దానంతటదే దారికొచ్చింది. కొనేముందు శాడిల్ అంచూ, జి తీగా తప్పకుండా చూసుకోండి.