మోటార్లు తిరగ్గానే రోవర్ దిక్కు తప్పుతోందా?

బరంపురం, పర్లాకిమిడి వైపు పోటీకి రోవర్ (చక్రాల రోబో బండి) కడుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! బండి ఆగి ఉన్నప్పుడు దిక్కు సరిగ్గా చూపించి, మోటార్లు తిరగ్గానే పక్కకు పోతుంటే కోడ్ జోలికి పోకండి, ముందు బ్యాటరీ తీగలు చూడండి. ఒంటి తీగలో 10 ఆంపియర్లు పారితే 5 సెంటీమీటర్ల దూరంలో 40 మైక్రోటెస్లాల అయస్కాంత క్షేత్రం పుడుతుంది. మన దగ్గర భూమి అయస్కాంత క్షేత్రపు అడ్డ భాగమూ (నేలకు సమాంతరంగా ఉండేది) దాదాపు అంతే. ఇక ఆ క్షేత్రాన్ని కొలిచి దిక్కు చెప్పే సెన్సర్ (మాగ్నెటోమీటర్) ఎవరి మాట వింటుంది?

ప్లస్, మైనస్ తీగలను కలిపి పురిపెట్టండి, రెండింటి ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. మాగ్నెటోమీటర్‌ను అల్యూమినియం గొట్టం మీద 25 సెంటీమీటర్లు పైకెత్తండి. స్క్రూలు ఇత్తడివో నైలాన్‌వో వాడండి, ఇనుపవి వద్దు.

కాలిబ్రేషన్ (సెన్సర్ కొలతలను సరిచేసుకోవడం) మాత్రం హాస్టల్ డాబా మీద వద్దు (శ్లాబు నిండా ఇనుప ఊచలే కదా). ఖాళీ మైదానంలో, అన్నీ బిగించాకే చేయండి. బ్యాటరీ చోటు మారిస్తే మళ్లీ చేయాలి.