కాలు తీసేసిన కుక్కకి కుట్ల దగ్గర తేడాగా ఉందా? సమస్య - పరిష్కారం

మా సింగడికి ఎడమ వెనక్కాలు తొడ పైదాకా తీసేశారు. ఇసుక ట్రాక్టరు తగిలి కాలు విరిగితే, డాక్టరు దగ్గరికి పోకుండా కట్లు కట్టే ఒకాయన చేత వెదురుబద్దలు బిగించి కట్టించాం. అదీ మేము చేసిన మొదటి తప్పు. ఐదో రోజుకి కట్టు కింద పాదం చల్లబడింది, నల్లబడింది, వాసన కొట్టింది. ఇక కాలు దక్కదన్నారు. విశాఖలో ఆపరేషన్ చేయించి ఒడిశాలో ఉన్న మా ఊరు పర్లాకిమిడి తీసుకొచ్చాక అసలు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే కోసిన డాక్టరు అక్కడ, కుక్క ఇక్కడ, మధ్యలో సగం రోజు ప్రయాణం. గాయం కాస్త ఎర్రబడినా ఫోను, కాస్త ఉబ్బినా ఫోను. పరిగెత్తాల్సిందెప్పుడో, ఊరికే చూస్తూ ఉంటే చాలేదెప్పుడో తెలిసేసరికి కుట్లు విప్పే రోజు వచ్చేసింది. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మనవాళ్లు చాలామందికి ఇదే అవస్థ కాబట్టి రాస్తున్నాను.

ముందు ఒక అలవాటు చేసుకోండి. రోజూ పొద్దున్న ఒకే వేళకి, ఒకే వెలుతురులో గాయం ఫొటో తీయండి. ఎరుపు కనిపిస్తే దాని అంచు చుట్టూ, కుట్ల మీద కాకుండా బొచ్చు గీసేసిన చర్మం మీద బాల్‌పెన్నుతో సన్నగా గీత పెట్టండి, మర్నాడు ఎరుపు గీత దాటిందో లేదో చూస్తే చాలు, నిన్నటి కంటే ఎక్కువైందా తక్కువైందా అని ఇంట్లో వాదులాడుకోనక్కర్లేదు. ఒక డిజిటల్ థర్మామీటర్ కొని కుక్కకే ఉంచేయండి. కొనకి కొంచెం వాసెలిన్ రాసి ఆసనంలో పెట్టి చూడాలి. కుక్కకి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది, మన 98.6తో పోల్చి జ్వరమని కంగారు పడొద్దు. 103 దాటితే మాత్రం ఫోను చేయండి.

కుట్ల చుట్టూ ఊదారంగు, పొట్ట కింద దాకా కమిలిపోయింది

చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ చాలావరకు మామూలే. తొడ కండలు కోసి, రక్తనాళాలు కట్టేసిన చోట లోపల కొంచెం రక్తం చర్మం కిందికి ఊరి, బరువుకి కిందికి జారుతుంది. అందుకే కోసింది పైనైతే కమిలింది కింద కనిపిస్తుంది. వాపు రెండు మూడు రోజులు పెరిగి ఆ తర్వాత తగ్గాలి, ఊదా కాస్తా ఆకుపచ్చా పసుపూ అయి ఒక వారం పది రోజుల్లో పోతుంది. మొదటి రెండు మూడు రోజులు ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాలు ఆనిస్తే హాయిగా ఉంటుంది. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. కమిలిన చోటు వేడిగా, గట్టిగా ఉండి ముట్టుకుంటే మూలుగుతుంటే అది వేరే సంగతి, కింద చీము దగ్గర చెప్తాను.

కుట్ల కింద నీళ్ల ప్యాకెట్ పెట్టినట్టు ఉబ్బింది

మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది ఇదే. ఆరో రోజు పొద్దున్న చూస్తే నిమ్మకాయంత బుగ్గ. వేలితో మెల్లిగా తాకితే అర్ధరూపాయికి అమ్మిన పాత వాటర్ ప్యాకెట్‌లా అటూ ఇటూ కదిలింది, సింగడు మాత్రం పట్టించుకోకుండా తోకాడిస్తున్నాడు. కాలు తీసేసిన చోట లోపల ఖాళీ మిగులుతుంది, కుక్క కుదురుగా ఉండకుండా ఎగిరితే ఆ ఖాళీలో పొరలు ఒకదాని మీద ఒకటి రాసుకుని నీరు ఊరుతుంది. నొప్పి లేదు, వేడి లేదు, కుక్క తింటోంది అంటే ఎక్కువసార్లు రెండు మూడు వారాల్లో ఒళ్లే ఆ నీటిని పీల్చేసుకుంటుంది.

చేయాల్సింది కుక్కని కట్టేసి కదలికలు తగ్గించడం. మూడు నాలుగు రోజులు గడిచాక, డాక్టరు సరే అంటే గోరువెచ్చని నీళ్లలో గుడ్డ పిండి రోజుకి రెండు మూడుసార్లు పది నిమిషాలు కాపడం పెట్టొచ్చు, కుట్లు తడవకుండా. చేయకూడనిది సిరంజితో లాగేయడం. మాకు తెలిసినాయన ఒకరు గేదెలకి సూదులు వేసే అనుభవంతో "రెండు నిమిషాల పని తమ్ముడూ" అన్నారు, దండం పెట్టి పంపించేశాం. శుభ్రంగా ఉన్న నీటిలోకి సూదితో క్రిములని మనమే పంపినట్టవుతుంది, పైగా లోపల ఖాళీ అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ ఊరుతుంది. బుగ్గ రోజురోజుకీ పెరుగుతున్నా, చర్మం బిగుసుకుపోయి మెరుస్తున్నా డాక్టరుకి చూపించాల్సిందే, అవసరమైతే ఆయన శుభ్రమైన పద్ధతిలో తీస్తారు.

తడిగా ఉంది, ఏదో కారుతోంది

రంగు చూడండి. మొదటి రోజు, రెండో రోజు లేత గులాబీ నీళ్లలా ఒకటి రెండు చుక్కల రసి కనిపిస్తే కంగారు లేదు, సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డతో అద్ది వదిలేయండి. ఎర్రటి రక్తం చుక్కచుక్కగా ఆగకుండా పడుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి పదినిమిషాలు పట్టుకోండి, మధ్యలో ఎత్తి చూడొద్దు, ఎత్తిన ప్రతిసారీ గడ్డకట్టింది ఊడిపోతుంది. అప్పటికీ ఆగకపోతే అలా పట్టుకునే బండెక్కండి.

చిక్కగా పచ్చగానో తెల్లగానో ఉండి వాసన వస్తే చీము. దానితోపాటు ఎరుపు మీ పెన్ను గీత దాటుతుంది, ఒళ్లు కాలుతుంది, కుక్క మూలకి పోయి పడుకుంటుంది. కారణం చాలాసార్లు నాకడం, లేదా తడి, లేదా మనం రాసిన ఏదో ఒకటి. ఇక్కడ పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు ఒడియాలో మా అమ్మని "పూజ బాహారుఛి కి" అని అడిగితే, అమ్మ పాపం కుక్క బతికితే నీలమణి దుర్గమ్మకి మొక్కుకున్న సంగతి ఈయనకెలా తెలిసిందా అని ఆశ్చర్యపోయింది. ఒడియాలో చీముని పూజ అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, పనికొస్తుంది. చీము ఉంటే ఇంటి వైద్యం లేదు, అదే రోజు చూపించాలి. ముందు మిగిలిన యాంటీబయాటిక్ గోలీలు సొంతంగా మొదలెట్టొద్దు, ఇచ్చిన కోర్సు గాయం బాగున్నట్టు కనిపించిందని మధ్యలో ఆపొద్దు.

పసుపు, సున్నం, కాఫీ పొడి, బూడిద, కొబ్బరి నూనె, డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్. వీటిలో ఏదో ఒకటి రాయమని మీ వీధిలో కనీసం నలుగురు చెప్తారు, ప్రేమతోనే చెప్తారు. ఏదీ వద్దు. పొడులు కుట్ల సందులో ఇరుక్కుంటాయి, డెట్టాల్ నాకితే కుక్కకి విషం, పెరాక్సైడ్ మానుతున్న కొత్త కండనే తినేస్తుంది. మూసుకున్న కుట్లకి పొడిగా వదిలేయడమే మందు. డాక్టరు బెటాడిన్ రాయమంటే నీళ్లలో పల్చటి డికాక్షన్ రంగు వచ్చేలా కలిపి అద్దండి, అంతే.

కుట్లు ఊడిపోయాయి, సందు కనిపిస్తోంది

పైపైన ఒక కుట్టు వదులై చర్మం అంచులు ఇంకా కలిసే ఉంటే ఫొటో పంపి అడగండి. లోపలి ఎర్రటి కండ కనిపిస్తుంటే సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, పైన పాత బనీను వదులుగా చుట్టి అదే రోజు తీసుకెళ్లండి. ఫెవిక్విక్ చుక్క వేస్తే అతుక్కోదా అని మా బావ నిజంగానే అడిగాడు. వద్దు.

నూటికి తొంభై సార్లు దీనికి కారణం నాలుకే అని నా నమ్మకం. మెడకి పెట్టే కోన్ చూసి "పాపం, నిద్రపోవట్లేదు" అని జాలిపడి రాత్రి తీసేస్తారు, తెల్లారేసరికి మూడు కుట్లు మాయం. కోన్ ముక్కు కొన కంటే రెండు వేళ్లు ముందుకు రావాలి, మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. మాకు ఇక్కడ ఆ సైజు దొరక్క పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచుకి చీర బోర్డర్ కుట్టి, కాలర్‌కి నాలుగు తాళ్లతో కట్టాం. రెండు రోజులు గుమ్మాలకి ఢీకొట్టుకుంటూ తిరిగాడు, మూడో రోజుకి అలవాటైంది. మీరు పక్కనే కూర్చుని తినిపించేటప్పుడు మాత్రం తీయొచ్చు. కుట్లు విప్పేదాకా, అంటే సాధారణంగా 10 నుంచి 14 రోజులు, స్నానం కూడా లేదు.

ఈగలు ముసురుతున్నాయి

మన వైపు వానాకాలంలో దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఈగ పెట్టిన గుడ్లు బొచ్చులో తెల్లటి నూకల్లా గుత్తిగా కనిపిస్తాయి, ఒక్క రోజులోనే పురుగులవుతాయి, అవి లోపలికి తొలుచుకుంటూ పోతాయి. గుడ్లు కనిపిస్తే దువ్వెనతో తీసేసి వెంటనే చూపించండి. పురుగులు కనిపిస్తే కిరోసిన్, ఫినాయిలు, కలరా ఉండల పొడి పోయకండి, పురుగుతో పాటు కుక్క కూడా పోతుంది. ఈగల్ని తోలే స్ప్రేలు పశువుల మందుల షాపులో దొరుకుతాయి కానీ కుట్ల మీద కొట్టొచ్చా లేదా డాక్టరుని అడిగే కొట్టండి. మేము మాత్రం పిల్లల దోమతెర గొడుగు కప్పి, గోనెసంచి మీద పాత దుప్పటి వేసి రోజూ మార్చి ఉతికాం. మూత్రం తడి ఉన్న పక్క మీదికే ఈగ ముందు వస్తుంది.

నిద్రలోంచి కెవ్వుమని లేచి, లేని కాలు వైపు తిరుగుతోంది

ఇంటికొచ్చిన రెండో రాత్రి. కరెంటు లేదు, నేను పక్కనే చాప మీద ఉన్నాను. సింగడు ఒక్కసారిగా అరిచి లేచి వెనక్కి తిరిగాడు, కోన్ నేలకి కొట్టుకుంటుండగా సరిగ్గా పాదం ఉండాల్సిన చోట నేలని వాసన చూశాడు. కుట్లని కాదు, ఖాళీ నేలని. కాసేపు అలాగే చూసి మళ్లీ పడుకున్నాడు. కోసిన నరాలు ఇంకా కాలు ఉన్నట్టే సంకేతాలు పంపుతాయట, మనుషుల్లో కూడా కాలు పోయినవాళ్లు లేని వేళ్లు మండుతున్నాయని చెప్తారు కదా, అదే. దీన్ని వీడియో తీసి పంపితే డాక్టరు నరాల నొప్పికి గాబాపెంటిన్ అనే మందు రాసిచ్చారు, క్రమంగా రోజుకి నాలుగైదు సార్లు వచ్చేది వారానికి ఒకటీ అరా అయింది. ఆ మందు ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లిగా తగ్గించాలి.

నొప్పి అంటే ఏడుపే అనుకోకండి. రొప్పడం, వణకడం, ఒకచోట కుదురుగా పడుకోలేకపోవడం, అన్నం ముందు పెట్టినా మొహం తిప్పుకోవడం కూడా నొప్పే. మందు వేళకి ఇవ్వండి, నొప్పుల గోలీలు ఖాళీ కడుపున ఇవ్వొద్దు. మన ఇంట్లో ఉండే డోలో, కాంబిఫ్లామ్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ పావు ముక్క కూడా వద్దు, కడుపులో పుళ్లు పడతాయి, కాలేయం, కిడ్నీలు పోతాయి. ఇంకోటి, నొప్పిలో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. పన్ను దిగితే సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి సూది కోసం ఆసుపత్రికి వెళ్లండి, మన కుక్కే కదా అనుకోవద్దు.

తినట్లేదు, దొడ్డికి పోవట్లేదు

మత్తు దిగాక ఒక రోజు తినకపోవడం మామూలే. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని చికెన్ కొంచెం వెచ్చచేసి చేత్తో పెట్టండి, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా. రెండో రోజు కూడా ముట్టకపోతే చెప్పండి. మూడు నాలుగు రోజులు మలం రాకపోవచ్చు, నొప్పి మందుల వల్ల, ఉపవాసం వల్ల. మూత్రం మాత్రం 24 గంటలు పోకపోతే ఆగకూడదు. చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, ఊపిరి కష్టంగా ఉన్నా ఫొటోలు, ఫోన్లు ఏమీ వద్దు, ముందు బయల్దేరండి.

లేచి నిలబడ్డం లేదు, జారిపోతోంది

చాలాసార్లు తప్పు కుక్కది కాదు, నేలది. మా ఇంట్లో నున్నటి ఎర్ర గచ్చు. మిగిలిన ఒక్క వెనక్కాలు దాని మీద పక్కకి జారి, రెండుసార్లు సరిగ్గా కుట్ల మీదే కూలబడ్డాడు. గోనెపట్టాలు గుమ్మం నుంచి నీళ్ల గిన్నె దాకా దారిలా పరిచాం, అంచులు టేపుతో అంటించాం. పొట్ట కింద నుంచి తువ్వాలు పోనిచ్చి రెండు కొసలూ పైకి పట్టుకుంటే బరువు మీ చేతికి వస్తుంది, తువ్వాలు కుట్లకి తగలకుండా చూసుకోండి. రోజుకి నాలుగైదు సార్లు, ఒక్కోసారి అయిదు నిమిషాలు, గొలుసుతోనే. మెట్లు, మంచాలు ఎక్కనివ్వొద్దు. కుక్క బరువులో దాదాపు అరవై శాతం ముందు కాళ్లే మోస్తాయి కాబట్టి ముందు కాలు పోయిన కుక్కకి అలవాటు కావడానికి ఇంకొంచెం టైం పడుతుంది, దాన్ని ఛాతీ కింద పట్టుకోవాలి. జాలిపడి మేపి లావెక్కించారో మూడు కాళ్లకీ కీళ్లు అరుగుతాయి.

మూత్రానికి కూడా మొదటి వారం తువ్వాలు పట్టాల్సిందే. సింగడు అలవాటు కొద్దీ కరెంటు స్తంభం దగ్గర కుడికాలు ఎత్తబోయి దబ్బున పడ్డాడు, మర్నాడు మళ్లీ పడ్డాడు. ఇప్పుడు స్తంభం ఎప్పుడూ ఎడమ పక్కకి వచ్చేలా తిరిగి నిలబడతాడు, ఆ వైపు ఎత్తాల్సిన కాలే లేదు.